ఇంట పుట్టిన భీముడు, పరాయి మాట

చోటా భీమ్ కార్టూన్‌ను మెచ్చేవాళ్లూ తిట్టేవాళ్లూ దాని కథను 2008 నుంచే మొదలుపెడతారు. పిల్లల కార్యక్రమాల అసలు కథ అంతకన్నా పాతది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఆకాశవాణిలో నడిపిన కార్యక్రమాల్లో పిల్లలే పాడారు, పిల్లలే నాటకాలాడారు. తెర వచ్చాక ఆ వరస మారింది. 1975-76లో ఉపగ్రహం ద్వారా సాగిన సైట్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీని చేర్చింది. బడిపిల్లల కోసం వేరే కార్యక్రమాలూ వచ్చాయి గానీ, వాటి ముందు పిల్లలు ప్రేక్షకులయ్యారు. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలయ్యే నాటికి పిల్లల వీరుడు హిందీలోనే మాట్లాడటం మామూలైపోయింది.

ఈ నేపథ్యంలోనే రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ సంస్థను స్థాపించారు. 2008లో ఆ సంస్థ తీసిన చోటా భీమ్ పోగో చానల్‌లో మొదలైంది. ఇతడు భారతంలోని భీముడు కాడు. పేరు, బలం, తిండియావ మాత్రమే అక్కడివి. ధోతీ కట్టి, లడ్డూ తిని బలం పుంజుకునే ఈ తొమ్మిదేళ్ల పిల్లాడికి రాజు, చెరువు, అంగడి ఉన్న ఢోలక్‌పూర్ ఇల్లు. వరంగల్-ఖమ్మం రోడ్డు మీది తొర్రూరు వంటి ఊళ్ల పిల్లలకు విదేశీ కార్టూన్ల నగరాలకన్నా ఈ ఊరు దగ్గరిది. బొమ్మ తెర దాటి స్కూలు బ్యాగుల మీదికి, 2012లో సినిమా హాళ్లలోకి వచ్చింది. 2020లో భీమ్ స్నేహితురాలు చుట్కీకి పెళ్లి విషయంలో న్యాయం కావాలంటూ పెద్దలు సోషల్ మీడియాలో గొడవ చేస్తే, భీమ్, చుట్కీ ఇంకా పిల్లలేనని సంస్థే చెప్పుకోవలసి వచ్చింది.

ఇదంతా వ్యాపారమే కదా అంటారు. వ్యాపారం నిజమే. కానీ అంగట్లో ఎన్నో బొమ్మలుండగా ఇదే ఇన్నేళ్లు నిలవడానికి కారణం మనకు తెలిసిన ఊరివాడిలా ఉండటమే. ప్రతి చిక్కునూ పిడికిలితో తేలుస్తాడనీ, చుట్కీ ఎక్కువగా లడ్డూలు అందించడానికే మిగులుతుందనీ అనే విమర్శను మాత్రం కాదనలేం. అంతకన్నా పెద్ద లోటు భాషది. హైదరాబాద్‌లో తయారైన భీమ్ తెలుగు పిల్లలకు డబ్బింగ్‌లో చేరాడు. డబ్బింగ్ అయితే ఏం, విదేశీ కార్టూన్‌లో డోరా వెంట తిరిగే కోతి బుజ్జి అయి తెలుగువాళ్ల ఎకసెక్కాల్లోకి రాలేదా అని అడగవచ్చు. వచ్చింది. అంటే విదేశీ బొమ్మకైనా మన పలుకు తగిలితే వేళ్లూనుతుందన్నమాట. భీమ్ పాత్రల పేర్లు మాత్రం హిందీలోనే ఉండిపోయాయి. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మైటీ లిటిల్ భీమ్‌లోనైతే సంభాషణలే లేవు. భాష అక్కర్లేని బొమ్మ దేశాలు దాటగలదు. ఇంటి భాషను మాత్రం పెంచలేదు.

కాబట్టి చోటా భీమ్ మనకు మిగిల్చింది సగం విజయమే. బొమ్మ గీయడం, కదిలించడం, ప్రపంచానికి అమ్మడం హైదరాబాద్‌కు వచ్చని తేలింది. ఇక తరువాతి బొమ్మను ముందుగా తెలంగాణ ఊళ్ల తెలుగులో రాయించి, ఆ ఊళ్ల పిల్లల గొంతులతోనే పలికించాలి. అన్నయ్య, అక్కయ్యలు పిల్లల చేతికి మైకు ఇచ్చి చూపించిన దారి అదే.