ఫైల్‌లో లేని రహస్యం: ‘సీక్రెట్స్ అండ్ లైస్’ వెనకున్న చరిత్ర

ఈరోజు ‘సీక్రెట్స్ అండ్ లైస్’ అనే బ్రిటిష్ సినిమా గురించి మాట్లాడుకుందాం. డైరెక్టర్ మైక్ లీ. 1996లో కాన్ ఫెస్టివల్ పెద్ద అవార్డు, పామ్ డోర్, దీనికే వచ్చింది. కథంతా చెప్పేస్తా, ముందు సినిమా చూడాలనుకునేవాళ్ళు చూసి రండి.

లండన్‌లో హార్టెన్స్ అనే నల్లజాతి అమ్మాయి ఉంటుంది. కళ్ళు పరీక్షించి అద్దాలు రాయడం ఆమె ఉద్యోగం. పెంచిన తల్లి చనిపోయాక కన్నతల్లి కోసం వెతుకుతుంది. ఒక సోషల్ వర్కర్ ఆమె ముందు ఫైల్ పెడుతుంది. తీరా చూస్తే కన్నతల్లి సింథియా తెల్లజాతి మనిషి, ఫ్యాక్టరీ కార్మికురాలు.

అసలు ఆ ఫైల్ ఆమె చేతికి ఎలా వచ్చింది? నాకు ఆసక్తి ఇక్కడే.

ఇంగ్లండ్, వేల్స్‌లో దత్తతకి చట్టం వచ్చింది 1926లో. దత్తత అయ్యాక అసలు బర్త్ సర్టిఫికెట్ చూడాలంటే కోర్టు అనుమతి కావాల్సిందే. పెళ్ళికాకుండా తల్లయితే పరువు పోతుందని ఇంట్లోవాళ్ళు, చర్చి వాళ్ళు, అధికారులు అంతా కలిసి బిడ్డని దత్తతకి ఇప్పించేసేవాళ్ళు. 1949 నుంచి 1976 వరకు ఇలా పెళ్ళికాని తల్లుల బిడ్డలు సుమారు 1,85,000 మంది దత్తత వెళ్ళారని అంచనా. దీనికి ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని 2022లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే అడిగింది.

1975లో కొత్త చట్టం వచ్చింది. 18 ఏళ్ళు నిండితే అసలు బర్త్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అప్పటికే దత్తత వెళ్ళినవాళ్ళు మాత్రం ముందుగా కౌన్సెలర్‌తో మాట్లాడాలి. అంటే ఆ సోషల్ వర్కర్ సీన్ ఊరికే రాసుకున్నది కాదు, దాని వెనక ఈ చట్టం ఉంది.

సరే, ఆ రహస్యం బయటికి రావడానికి ఒక దారి దొరికింది. ఇంకోటి ఉంది.

సింథియా తమ్ముడు మోరిస్ ఫోటోగ్రాఫర్. భార్య మోనికా. పెద్ద ఇల్లుంది, పిల్లల్లేరు. మోనికాకి పొగరు, పిల్లలంటే ఇష్టం లేదు అని సింథియా అభిప్రాయం. నిజం ఏంటంటే మోనికాకి పిల్లలు పుట్టే అవకాశం లేదు. ఏళ్ళ తరబడి పరీక్షలు, ఎదురుచూపులు. భార్యాభర్తలిద్దరూ ఆ బాధని ఎవరికీ చెప్పలేదు, చివరికి ఒకరితో ఒకరు కూడా మాట్లాడుకోలేని స్థితికి వచ్చేశారు. సింథియా కూతురు రొక్సాన్ 21వ పుట్టినరోజున, హార్టెన్స్ ఎవరో బయటపడ్డాక, మోరిస్ ఇక ఆగలేక అందరి ముందూ చెప్పేస్తాడు.

నాకు అర్థమైంది ఇది. సింథియా రహస్యానికి ఫైల్ ఉంది, దాన్ని తెరిచే చట్టం ఉంది. మోనికా రహస్యానికి రెండూ లేవు, ఇంట్లో ఎవరో ఒకరు నోరు విప్పాల్సిందే. ఇద్దరినీ నోరు మూయించింది మాత్రం ఒకే మాట: నలుగురూ ఏమనుకుంటారో! ఒకామెకి పెళ్ళికి ముందే బిడ్డ పుట్టిందని సిగ్గు, ఇంకొకామెకి పెళ్ళయ్యాక కూడా పుట్టలేదని సిగ్గు.

మనకి తెలిసిన ఏ జంటనైనా “పిల్లలెప్పుడు?” అని అడిగేముందు మోనికాని ఒకసారి గుర్తు తెచ్చుకుందాం.