పెరటి కోడికి వైద్యుడెవరు?

మన పూర్వులు గుర్రానికి శాస్త్రం రాశారు. ఏనుగుకు రాశారు. శాలిహోత్రుడి పేరు అశ్వశాస్త్రానికీ, పాలకాప్యుడి పేరు గజశాస్త్రానికీ పర్యాయపదాలైపోయాయి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రచించాడు. కోడిపుంజు కూడా ఈ గౌరవానికి పూర్తిగా దూరం కాలేదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసంలో రాజుల వినోదాల నడుమ కుక్కుట వినోదానికీ చోటుంది. నేటి నిజామాబాదు ప్రాంతం ఆ రాజ్యంలోని భాగమే. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో కోళ్ళు పోరాడతాయి. పలనాటి కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం మీద రాజ్యాన్నే ఒడ్డుకున్నారు. ఇక కుక్కుట శాస్త్రం డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగులు విడదీసి, ఏ వారం ఏ రంగు గెలుస్తుందో కూడా చెబుతుంది.

ఇంత సాహిత్యంలో పెట్టకోడికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో చెప్పే గ్రంథమొకటి వెతకబోతే చేతికి చిక్కేది శూన్యమే. రాజు ఎక్కేదానికీ, రాజు పందెం కాసేదానికీ శాస్త్రం పుట్టింది. ముసలమ్మ గంపకింద మూసేదానికి పుట్టలేదు. "నా కోడీ నా కుంపటీ లేకపోతే తెల్లవారదా" అన్న సామెతలో మాత్రం ఆమెను వెక్కిరించడానికి గుర్తుపెట్టుకున్నాం!

ఆ ముసలమ్మకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కోడి ముడుచుకుని ఒక మూల నిలబడుతుంది. మేత ముట్టదు. మెడ కింద, రొమ్ముకు కుడివైపున గట్టి ఉండ చేతికి తగులుతుంది. అది మేతసంచి. జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాలు దీనిని అన్నాశయం అంటాయి. కోడికి పళ్ళు లేవు గనుక దొరికినదాన్ని దొరికినట్టు మింగి ముందు ఇక్కడ దాచుకుంటుంది. అక్కడ నానిన మేత కొంచెం కొంచెంగా జీర్ణరసాలూరే చిన్న కడుపులోకి, అక్కడినుండి కందనకాయలోకి దిగుతుంది. పొడవాటి ఎండుగడ్డి పోచలో, గోనెసంచి దారాలో, ప్లాస్టిక్ పీలికలో చుట్టుకుని ముద్దకడితే దారి మూసుకుంటుంది. కొన్నిసార్లు అడ్డు కందనకాయలోనో, ఇంకా కిందనో ఉంటుంది. అప్పుడు పైన మేతసంచి నిండిపోవడం ఫలితమే తప్ప కారణం కాదు.

ఈ కందనకాయ యూరపు పండితులను చాలాకాలం ఆశ్చర్యపరచింది. పద్ధెనిమిదవ శతాబ్ది నడుమ, 1752 ప్రాంతంలో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమ్యూర్ పక్షులచేత లోహపు గొట్టాలు మింగించి పరీక్షించాడు. కోడిజాతి పక్షుల కడుపులో అవి నొక్కుకుపోయాయి. ఇటలీలో స్పల్లంజానీ ఇంకో అడుగు వేసి, సీసపు ఉండకు సూదులు గుచ్చి టర్కీకోడిచేత మింగించాడు. సూదులు విరిగాయి, కందనకాయకు గాయం కాలేదు. జీర్ణక్రియ గురించి మనిషి నేర్చుకున్న తొలి పాఠాలలో కొన్ని కోడి కడుపులో నేర్చుకున్నవే. బదులుగా కోడికి దక్కిన వైద్యం ఏమిటి అని అడగవలసినవాళ్ళు అడగలేదు.

రోమనులు కొంత నయం. మొదటి శతాబ్ది రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథం ఎనిమిదవ భాగంలో కోళ్ళను శ్రద్ధగా పట్టించుకున్నాడు. నాలుక కొసన తెల్లని పొర కట్టే జబ్బుకు, గోరువెచ్చని నూనెలో తడిపిన వెల్లుల్లి ముక్కలు గొంతులో పెట్టమంటాడు. మన పల్లెల్లో అవ్వలను అడిగినా వెల్లుల్లీ నూనే ముందు గుర్తుకొస్తాయి. ఒకరినుండి మరొకరు నేర్చారని నేననను. వంటింట్లో చేతికందేవి రెండుచోట్లా అవే.

కోడికి ధర పలికినచోట పుస్తకాలు పుట్టాయన్నది మాత్రం స్పష్టం. 1849లో బోస్టనులో అమెరికాలోని మొదటి కోళ్ళ ప్రదర్శన జరిగింది. ఆసియానుండి వచ్చిన పెద్దజాతి కోళ్ళమీద అమెరికాలోనూ ఇంగ్లండులోనూ వెర్రి వ్యామోహం పుట్టి, ఒక్కో జత ఊహకందని ధర పలికింది. ఆ పూనకం తరువాత వచ్చిన ఇంగ్లీషు పెంపకపు పుస్తకాల్లో మేతసంచి బిగుసుకుపోయిన కోడికి ప్రత్యేకమైన పేరుంది, వైద్యమూ ఉంది. నూనె పోయడం, చేత్తో నెమ్మదిగా నలపడం, అదీ కుదరకపోతే సంచిని చీల్చి ఖాళీచేసి తిరిగి కుట్టడం. మేలుజాతి కోడి గనుక కుట్టుకు నోచుకుంది.

మన దేశానికి పశువైద్యం ప్రభుత్వ శాఖగా వచ్చినప్పుడు దాని దృష్టి ముందు సైన్యపు గుర్రాలమీద, తరువాత దుక్కిటెద్దులమీద నిలిచింది. కోడిమీద పడింది ఒక మహమ్మారి వల్ల. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో కనిపించిన రోగం మరుసటి సంవత్సరం కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. ఆ ఊరి పేరే మన దేశంలో రోగానికి స్థిరపడింది. తెలుగువారు దాన్ని కొక్కెర తెగులు అంటారు. ఊరంతటి కోళ్ళనూ వారంరోజుల్లో ఊడ్చుకుపోయే తెగులిది. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో దీనికి టీకా తయారైంది. ఆ టీకా చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే. కాని అక్కడినుండి కోడివైద్యం అంటే మందకు మందు అన్న అర్థం ఖాయమైంది.

ఈ ధోరణి శిఖరానికి చేరిన ఘట్టంలో ఒక తెలుగువాడి నీడ కూడా ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలోనే, 1948లో డగ్గర్ ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడే మరణించారు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని అక్కడి స్టోక్‌స్టాడ్, జూక్స్ 1950లో వెల్లడించారు. జబ్బు లేని కోడికి కూడా మందు పెట్టే కాలం మొదలైంది. జబ్బు చేసిన ఒంటికోడికి మాత్రం లేదు.

1971లో బండా వాసుదేవరావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. తెలుగునేల గుడ్ల ఉత్పత్తిలో దేశానికి ముందు వరుసలో నిలిచింది. పంజరంలో కోడికి మెత్తగా పట్టిన దాణా తప్ప గడ్డిపోచ దొరకదు. కనుక మేతసంచి బిగుసుకోవడం అక్కడ అరుదు. ఒకవేళ జరిగినా వేలల్లో ఒక కోడిని తీసి పారేస్తారు, కూర్చుని నలపరు. అలా ఈ చిక్కు పరిశ్రమ నుండి మాయమై, చదువుకున్నవాళ్ళ దృష్టి నుండి కూడా తప్పుకుంది. మిగిలింది పెరట్లోనే.

ఆ పెరడు ఎలాంటిదో జక్రాన్‌పల్లి వంటి చోట చూడాలి. ఆర్మూరుకు దక్షిణంగా, నలభైనాలుగవ జాతీయ రహదారి మీది మండలకేంద్రం. పసుపు, మక్కజొన్న పండే నేల. జనవరి మొదలు మార్చి దాకా పసుపు తవ్వి, కొమ్ములు ఉడకబెట్టి, కల్లాల్లో ఎండబోసే కాలం. ఎండిన ఆకు, మక్కజొన్న చొప్ప, సంచులు కుట్టిన దారం, ఇవన్నీ నేలమీద ఉండగా కోళ్ళు వాటి మధ్యనే గెలుకుతాయి. పసుపు మగవాడి పంట. దానికి మార్కెటు ఉంది, తక్‌పట్టీ ఉంది, రాజకీయం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మద్దతుధర కోసం రైతులు నామినేషన్లు వేస్తే నిజామాబాదు బరిలో 185 మంది నిలిచారు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకే వచ్చింది. కోడి ఆడదాని సొత్తు. గుడ్లమ్మిన పైసలు కొంగుముడిలోకి పోతాయి. పశువుల దవాఖానకు కోడిని చంకన పెట్టుకుపోతే ఆటో కిరాయి, ఆ రోజు కూలీ కలిసి కోడి ఖరీదును మించుతాయి. కనుక ఆమే వైద్యురాలు.

తెలుగు పల్లెల్లో చేసే వైద్యాన్ని ఇప్పటి జ్ఞానంతో ఒకసారి తూచి చూడవచ్చు. పొద్దున్నే గంప ఎత్తగానే మేత వెయ్యకముందు మెడకింద తడిమి చూడడం అన్నిటికంటే విలువైన పద్ధతి. రాత్రికి మేతసంచి ఖాళీ కావాలి. తెల్లవారినా గట్టిగా ఉంటే అడ్డు పడిందని, నీళ్ళసంచిలా మెత్తగా ఉండి నోరు పులిసిన వాసన వేస్తే లోపల బూజు పెరిగిందని. ఈ రెండూ వేరు జబ్బులు. ఒక పూట, మహా అయితే ఒక రోజు మేత ఆపి నీళ్ళు మాత్రం పెట్టడం, నాలుగు చుక్కలు నూనె పట్టి సంచిని వేళ్ళతో మెల్లగా నలపడం, రోజుకు మూడునాలుగు సార్లు అలా చేసి తరువాత మెత్తని అన్నం కొద్దిగా పెట్టడం. ఇవన్నీ పశువైద్యులు నేడు చెప్పే మాటలే. ఆముదం మీద మాత్రం అతినమ్మకం కనిపిస్తుంది. ఆముదం విరేచనకారిగా పనిచేసేది చిన్నపేగులోకి చేరి అక్కడ విడివడ్డాకనే. మేతసంచిలో అది ఉత్త జిడ్డు. పల్లినూనె ఆ పని అంతే బాగా చేస్తుంది. పసుపు పుండుకు మంచిదే, గడ్డిముద్దను అది కరిగించలేదు. పసుపుసీమలో ఈ మాట అనడం కొంచెం సాహసమే!

నిజంగా ప్రాణం తీసేది ఇంకొకటి ఉంది. కోడిని తలకిందులు చేసి కక్కించడం. కోడి ఊపిరిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. పైకి వచ్చిన పులిసిన నీళ్ళు నేరుగా అందులోకి దిగుతాయి. నోరు తెరిచి గబుక్కున నూనె పోసినా ఇదే ప్రమాదం. ముక్కు పక్కనుండి చుక్కచుక్కగా పట్టాలన్నది అనుభవం ఉన్న చేతులకు తెలుసు, చూసి నేర్చుకోని చేతులకు తెలియదు.

పసుపు సంగతే తీసుకోండి. 1995లో అమెరికాలో గాయం మాన్పే గుణానికి పేటెంటు ఇచ్చేశారు. మాశేల్కర్ నాయకత్వంలోని సి.ఎస్.ఐ.ఆర్. పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. గెలిపించింది మన అమ్మల సాక్ష్యం కాదు. సంస్కృత గ్రంథాలూ, 1953లో ఒక భారతీయ వైద్యపత్రికలో అచ్చయిన వ్యాసమూ చూపించవలసి వచ్చింది. రాత ఉంటేనే జ్ఞానం. పసుపుకు రాత దొరికింది. కోడి మెడ తడిమిన వేళ్ళకు అటువంటి కాగితం ఎక్కడినుండి తేగలం?

ఆ లోటు కొంత పూరించే పని 1992లో మహిళా పశువైద్యులు స్థాపించిన అంత్ర సంస్థ చేసింది. పల్లెల పశువైద్యాన్ని ఆడవాళ్ళ నోట విని నమోదు చేశారు. తూర్పు గోదావరి మన్యంలో అసీలు కోళ్ళను నిలబెట్టడానికి అక్కడి ఆదివాసీ స్త్రీలతో కలిసి పనిచేశారు. ఇటు రాజేంద్రనగర్ పరిశోధనాలయం వనరాజా, గ్రామప్రియ అనే పెరటిజాతులను రూపొందించింది. అయితే జాతితోపాటు దాన్ని కాచుకునే చేతివాటాన్ని సంచిలో పెట్టి పంపలేరు కదా.

ఇప్పుడు ఆ చేతులకు తెలియవలసినది ఇంకొంత పెరిగింది. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో తొలిసారి బయటపడిన బర్డ్ ఫ్లూ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళను బలిగొంది. కొక్కెర తెగులులో కూడా మేతసంచి నీళ్ళతో ఉబ్బుతుంది. ఒక్క కోడే ముడుచుకుని, తక్కినవి హుషారుగా గెలుకుతుంటే నూనె, వేళ్ళు చాలు. రెండురోజుల్లో సంచి కరగకపోతే ఆటో కిరాయి పెట్టుకోక తప్పదు. రెండోదీ మూడోదీ ముడుచుకుంటే, ఆకుపచ్చని రెట్ట వేస్తే, మెడ వంకర తిరిగితే మాత్రం చేతులు కడుక్కుని, కోళ్ళను వేరుచేసి, దవాఖానకు కబురు పెట్టాలి. అప్పటికీ ఆ తేడా ముందుగా కనిపెట్టేది తెల్లవారుజామున గంప ఎత్తే మనిషే.