గేట్లు ఎత్తేశారు, వెయిటింగ్ మాత్రం పోలేదు: కోనసీమ కొబ్బరి లారీ కథ

అమలాపురం నుంచి కాకినాడ వెళ్లే లారీ ఎన్ని బోర్డర్లు దాటుతుందో చెప్పండి చూద్దాం. పక్క ఊరేగా, బోర్డర్ ఎక్కడిది అంటారా? ముమ్మిడివరం, మురమళ్ల మీదుగా ఎదుర్లంక వచ్చి, బాలయోగి వారధి దిగితే యానాం. అంటే పుదుచ్చేరి! కాసేపటికి మళ్లీ ఆంధ్రా. 1954 జూన్ దాకా అది ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని ఊరు.

అసలు కోనసీమకి మొదటి బోర్డర్ గోదారే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పొలాలకి నీళ్లే కాదు, సరుక్కి దారి కూడా ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరి పడవల్లో పోయేవి. గోదారి పాయ దాటాలంటే రేవులో పంటు కోసం కాచుకోవాలి. వంతెనలు వచ్చాక ఆ కాపలా తప్పింది. అంబాజీపేట మార్కెట్ కొబ్బరి లారీ ఎక్కి గుజరాత్, రాజస్థాన్ దాకా వెళ్లింది.

కానీ రేవు పోయి గేటు వచ్చింది. రాజస్థాన్ లోడ్ అంటే దారిలో నాలుగైదు రాష్ట్రాలు. పాత నేషనల్ పర్మిట్‌లో ఏ రాష్ట్రాలు కావాలో ముందే ఎంచుకుని, ఒక్కోదానికి విడిగా ఫీజు కట్టాలి. 2010లో దేశమంతటికీ ఒకే ఫీజు పెట్టారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులూ ఎత్తేశారు. ఇప్పుడు 50 వేలు దాటిన, పన్ను పడే సరుక్కి ఈ-వే బిల్లు ఫోన్‌లోనే ఉంటుంది.

మరి డ్రైవర్ అన్నకి టైమ్ మిగిలిందా? పూర్తిగా లేదు. వెయిటింగ్ బోర్డర్ దగ్గర్నుంచి గోడౌన్ దగ్గరికి మారింది, అంతే. లోడింగ్‌కి కాచుకోవాలి, అన్‌లోడింగ్‌కి కాచుకోవాలి. తాళ్లు, టార్పాలిన్, లెక్క అన్నీ ఆయనే చూసుకోవాలి. కాయ తగ్గితే మొదటి ప్రశ్న ఆయనకే. నిజానికి 2007 నాటి రోడ్డు రవాణా చట్టం సరుకు బాధ్యత పెట్టింది ట్రాన్స్‌పోర్ట్ సంస్థ మీద.

పని గంటల సంగతీ ఇంతే. 1961 చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 అంది. కానీ అది మామూలుగా ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒక్క లారీ, ఒక్క ఓనర్, ఒక్క డ్రైవర్ అయితే? ఆ లెక్కలోకే రాలేదు.

అందుకే స్టీరింగ్ పట్టాలనుకునే తమ్ముళ్లకి ఒక మాట. కిరాయి మాట్లాడేటప్పుడే హాల్టింగ్ డబ్బులెంతో, అందులో మీ వాటా ఎంతో తేల్చుకోండి. లెక్క చూడకుండా ఎల్‌ఆర్ మీద సంతకం పెట్టకండి. తేడా ఉంటే ఆ కాగితం మీదే రాయించండి. సరుక్కి దారి ఎలా తెరిచారో చరిత్రలో ఉంది. దాన్ని మోసే మనిషి టైమ్‌కి ధర కట్టడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

మీ ఇంట్లో లారీ డ్రైవర్లుంటే వాళ్ల రూటేంటో కామెంట్‌లో రాయండి. ఉంటాను!