కుక్కకు పడని తిండి

గుంటూరు పొరుగున నల్లపాడు వంటి ఊళ్ళలో ఇంటి కుక్కకు వేరే వంట ఉండదు. మిగిలిన పెరుగన్నము, కూర అడుగు, పండుగనాటి కోడిమాంసము, ఇవే దాని భోజనము. అట్టి కుక్క రేయింబవళ్ళు ఒళ్ళు గోకికొనుచు, పాదములు నాకికొనుచు, చెవులు విదలించుచు ఉన్నచో, గజ్జికుక్క అని తరిమివేయుట కద్దు. కాని వానిలో కొన్నింటికి పట్టినది గజ్జి కాదు, తిండి పడకపోవుట. దీనినే అసాత్మ్యత లేక ఎలర్జీ అందురు. ఈ భేదమును శాస్త్రము గుర్తించిన చరిత్రలో తొలి పుటలయందు కనిపించునది కూడ ఒక కుక్కయే.

1901 వేసవిలో మొనాకో ప్రభువు మొదటి ఆల్బర్టు తన పరిశోధక నౌకలో ఛార్లెస్ రిషే, పాల్ పోర్త్యే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులను తీసికొనిపోయెను. ఫైసాలియా అను సముద్రజీవి విషమును పరిశీలించుట వారి పని. పారిస్ చేరిన పిమ్మట ఆ జీవి దొరకనందున, సముద్రపు ఎనిమోను విషముతో కుక్కలపై ప్రయోగములు సాగించిరి. ఒకసారి విషము సోకి బ్రతికిన జంతువు రెండవసారి దానిని మరింత తట్టుకొనునని నాటి సామాన్య విశ్వాసము.

నెప్ట్యూన్ అను దృఢమైన కుక్కకు మొదటి మోతాదు ఏ హానియు చేయలేదు. మూడు వారములు దాటిన తరువాత అంతే మోతాదు మరల ఇచ్చిరి. కొద్ది క్షణములలో ఊపిరి భారమై, రక్తము కక్కుకొని, ఆ కుక్క 25 నిమిషములలో మరణించెను. 1902 ఫిబ్రవరిలో వారు ఈ సంగతిని ప్రకటించి, రక్షణకు విరుద్ధమైనదను అర్థముతో అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టిరి. రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. ఎలర్జీ అను మాటను వియన్నా శిశువైద్యుడు పిర్కే 1906లో కల్పించెను.

నెప్ట్యూన్ మరణము నేర్పిన పాఠమేమి? మొదటి పరిచయమున ఊరకున్న శరీరము, ఆ పరిచయము వలననే మారిపోవచ్చును. కనుక “ఇన్నేండ్లుగా పెరుగన్నమే తినుచున్నది, ఇప్పుడు పడకపోవుటేమి?” అను వాదము నిలువదు. 2016లో ముల్లర్, ఆలివ్రీ, ప్రెలో అను పశువైద్యులు లోగడ ప్రచురితమైన 297 కుక్కల వివరములను క్రోడీకరించిరి. వానిలో 34 శాతమునకు గొడ్డుమాంసము, 17 శాతమునకు పాల పదార్థములు, 15 శాతమునకు కోడిమాంసము, 13 శాతమునకు గోధుమ పడలేదు. అన్నియు దినదినము దొరకు పదార్థములే.

మిరప పండు సీమలో ఒక భ్రమ తొలగవలెను. కారపు కూర తిన్న కుక్కకు నోరు, కడుపు మండుట అసాత్మ్యత కాదు. మిరపలోని కాప్సైసిన్ నరములపై నేరుగా చూపు ప్రభావము. ఉల్లి వలన ఎర్ర రక్తకణములు చెడుట విషలక్షణము. ఇవి ఏ కుక్కకైనను హాని చేయగలవు. అసాత్మ్యతయో, ఒక కుక్కకు మేలుచేయు అన్నమునే మరియొక కుక్కకు చెరుపుగా మార్చును.

దీనిని గుర్తించుట యెట్లు? ఋతువులతో పనిలేక ఏడాది పొడుగున దురద, మాటిమాటికి చెవి చీము, పాదములు, పొట్ట ఎర్రబడుట, కొన్నిటికి వాంతులు, విరేచనములు, ఇవి ముఖ్య లక్షణములు. ముందుగా గోమార్లు, గజ్జి పురుగు లేవని పశువైద్యునిచే నిర్ధారణ చేయించవలెను. రక్తపరీక్ష ఇచట నమ్మదగినది కాదు. నమ్మదగినది పథ్యమే. కాలిఫోర్నియా వైద్యుడు ఆల్బర్టు రో ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మనుష్యులకై ప్రచారము చేసిన పద్ధతి వంటిదే ఇది. కుక్క అంతకుముందు ఎరుగని ఒక మాంసమును, ఒక ధాన్యమును మాత్రమే ఎనిమిది వారములు పెట్టవలెను. ఆహారము పడని కుక్కలలో 90 శాతమునకు పైగా ఈ గడువులో ఉపశమనము పొందునని 2015లో ప్రచురితమైన ఒక పరిశీలన తేల్చినది. పిదప పాత పదార్థములను ఒక్కొక్కటిగా పెట్టి చూడవలెను. దురద తిరిగి వచ్చినచో, అది సాధారణముగా రెండు వారములలోపుననే వచ్చును, శత్రువు దొరికినట్లే. దానిని ఇక ఎన్నడును పెట్టరాదు.

చెప్పుటకు సులభమైన ఈ పథ్యము పల్లెలో నడపుట కష్టము. కుక్క నాలుగిళ్ళ ముంగిట తినును. ఒక పిల్లవాడు జాలిపడి వేసిన పెరుగు ముద్ద వారముల శ్రమను వమ్ముచేయును. కావున చికిత్స యజమాని యింట గాక వీధిలో మొదలు కావలెను. ఇరుగుపొరుగు వారికి ఒక మాట చెప్పి ఉంచినచో, తరుముటకు సిద్ధపడిన కుక్క తిరిగి వాకిట పడుకొనగలదు.