సబ్బు పుట్టుపూర్వోత్తరములు



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దమంజరియు, అమరమును వల్లె వేయించిన నేను నేడు సబ్బును గూర్చి ప్రసంగింప వచ్చుట మీకు వింతగా తోచవచ్చును. కారణము మొదట మనవి చేసెదను.

మూడేండ్ల క్రిందట మా చిన్న మనుమరాలికి మోచేతి మడతలయందు చర్మము బిరుసెక్కి పగిలినది. రాత్రులయందు పిల్ల గోకికొనుచు నిద్రపోకుండెడిది. వైద్యుడు పూతమందిచ్చి, ఘాటైన సబ్బులు మానుమనెను. అంగడిలో దొరకినవి రెండు మూడు మార్చి చూచితిమి; ఒక్కటియు పిల్ల యొంటికి సరిపడలేదు. అప్పుడు నాకు పాండిత్యగర్వము కొంత పొడమినది. పూర్వము బూడిదనీటితోనే గదా సబ్బు కాచిరి, నేనేల కాయరాదని, పొయ్యిబూడిదను నానవైచి, తేఱిన నీటిని కొబ్బరినూనెతో ఉడికించితిని. కొలత లేదు, తూకము లేదు. జిగటగా నొక ముద్ద యైనది. దానిని పిల్లకు పెట్టకముందు మా యింటియావిడ తన చేతులు కడిగి చూచినది. గడియలోపల అఱచేతులు ఎఱ్ఱవాఱి మంటలెత్తినవి. ఆమె నన్నేమియు ననలేదు. ఆ ముద్దను గోతిలో పూడ్పించి, పోయిన దోషమేదో కనుగొనవలెనని గ్రంథములు తిరగవైచితిని.

సబ్బనగా క్షారమును, కొవ్వును కలిసి మాఱిన మూడవ పదార్థము. ఆ మార్పులో గ్లిసరిన్ అను తియ్యని ద్రవము కూడ పుట్టును. క్రీస్తుశకము మొదటి శతాబ్దియందు రోమనుపండితుడైన ప్లీనీ, గాల్‌దేశస్థులు జంతువుల కొవ్వును బూడిదతో కలిపి ‘సాపో’ యనుదానిని చేసి, తలవెండ్రుకలకు ఎఱ్ఱనిరంగు వచ్చుటకు వాడుచున్నారని వ్రాసెను. ఒడలు కడుగుకొనుటకు రోమనులు నూనె పూసికొని లోహపు బద్దతో గీచికొనెడివారు. ఆ లాటిను ‘సాపో’తో అరబ్బీ ‘సాబూన్’, మన ‘సబ్బు’ అను మాటలకు చుట్టఱికము కలదు.

మన దేశమున మాత్రము ఒంటికి నలుగుపిండి, తలకు కుంకుడుకాయ, శీకాయ. బట్టలకు చాకలిబానలోని చౌడు. కుంకుడును సంస్కృతమున ఫేనిలమందురు. నురుగు గలదని యర్థము. ఆ నురుగు క్షారమువలన వచ్చినది కాదు, కాయలో సహజముగానున్న సారమువలన వచ్చినది.

అట్లని క్షారవిద్య మనవారికి తెలియదనరాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునొకండవ యధ్యాయము క్షారపాకమునకే కేటాయింపబడినది. కొన్ని చెట్లను కాల్చి, ఆ బూడిదను ఆఱురెట్ల నీటిలో కలిపి, ఇరువదియొక్క మాఱులు వడియగట్టి కాచవలెనని యందున్నది. ఆ క్షారము మృదువు, మధ్యమము, తీక్ష్ణము అని మూడు తెఱగులు. కాల్చిన సున్నపుఱాళ్లు, శంఖములు మొదలగునవి చేర్చినచో బలము హెచ్చును, చేర్చనిది మృదువు. శస్త్రవైద్యమునకై చెప్పిన విధి యిది, సబ్బునకు కాదు. కాని సున్నము చేర్చిన క్షారమునకు బలము హెచ్చునను మర్మమే తరువాత సబ్బు కాచువారికిని ఆధారమైనది. నా పొరపాటు నాకప్పుడు బోధపడినది. నా బూడిదనీటి బలమెంతయో నే నెఱుగను; కొవ్వునకు పట్టక మిగిలిన క్షారమే చేతులను కాల్చినది.

పొయ్యిబూడిదలోని క్షారము మెత్తని ముద్దసబ్బు నిచ్చును. సముద్రతీరపు మొక్కల బూడిదలోని సోడాక్షారము గట్టిసబ్బు నిచ్చును. సిరియాలోని అలెప్పోనగరమున ఆలివునూనెతోను, లారెలుకాయల నూనెతోను చేయు సబ్బు నేటికిని ప్రసిద్ధము. ఫ్రాన్సున 1688లో మార్సేయిప్రాంతపు సబ్బునకు ఆలివునూనె తప్ప వేఱు కొవ్వు వాడరాదని రాజశాసనము వెలువడెను. 1791లో లెబ్లాంక్ అను వైద్యుడు ఉప్పునుండి సోడా తీయు పద్ధతికి హక్కుపత్రము పొందెను; బూడిదకై యడవులు కాల్చు పని తగ్గినది. 1823లో షెవ్రోల్ అను రసాయనపండితుడు కొవ్వుల నిర్మాణమును గూర్చిన గ్రంథము ప్రకటించెను. ఏ నూనెకు ఎంత క్షారము పట్టునో తూచి చెప్పుటకు అదియే పునాది. నాలుకకొన తాకించి ఘాటు చూచుటయు నొక పాతకాలపు పరీక్ష.

మన దక్షిణదేశమున మైసూరు ప్రభుత్వము 1916లో సబ్బుపరిశ్రమకు పూనుకొనినది. నాలుగవ కృష్ణరాజ ఒడయరు ప్రభువు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివాను. అచటి చందనపు సబ్బు మీరెఱిగినదే.

ఇక నేను రెండవమాఱు చేసిన విధము. కొబ్బరినూనె 300 గ్రాములు, నువ్వులనూనె 600, ఆముదము 100. వీనికి పూర్తిగా పట్టు కాస్టిక్ సోడా సుమారు 147 గ్రాములు. నేను 137 గ్రాములే వాడితిని. అనగా నూటికి ఏడుపాళ్ల నూనె సబ్బుగా మాఱక మిగిలి చర్మమునకు జిడ్డు నిచ్చును, క్షారము మిగులదు. మృదుత్వ రహస్య మంతయు నీ లెక్కలోనే యున్నది. నీరు 330 గ్రాములు. సోడాను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెను గాని, సోడాపై నీరు పోయరాదు, పోసినచో చిమ్మును. సత్తుపాత్ర కూడదు, స్టీలుపాత్ర గావలెను. చేతితొడుగులు, కండ్లద్దములు తప్పనిసరి. పిల్లలను దరికి రానీయరాదు. నీరు గోరువెచ్చనగు వఱకు ఆఱనిచ్చి నూనెలలో పోసి, చిక్కబడువఱకు కలిపి, అచ్చులో పోసితిని. గట్టిపడిన పిదప ముక్కలు కోసి, ఆఱు వారములు నీడను ఆఱబెట్టితిని. రంగుగాని, అత్తరుగాని చేర్చలేదు.

మొదట నా ముంజేతికి, పిదప మా యావిడ చేతికి వారముదినములు వాడి, మంట లేదని తేలిన పిమ్మటనే పిల్లకు పెట్టితిమి. అదియు మురికి యంటిన చోటులకే. సబ్బెంత మెత్తనిదైనను క్షారగుణము కలదే గదా. మన చర్మము సహజముగా కొంచెము పులుపు గలది. సబ్బు వలన రోగము కుదిరినదని నేను చెప్పను. కుదిర్చినది వైద్యుని మందు. సబ్బు మఱల పుండు రేపకుండినది, అంతియే. పిల్ల యిప్పుడు రాత్రులయందు నిద్రపోవుచున్నది.

మీ యిండ్లలో ఎవరికైన ఇట్టి బాధ యున్నయెడల మొదట వైద్యునికి చూపుడు. సబ్బు కాచగోరువారు ముందు మంచి త్రాసు సంపాదింపుడు. నాకు లేకపోయినది బూడిద కాదు, త్రాసు. ఆ ముద్ద పిల్ల చేతికి అందకముందు తన చేతులొడ్డిన మా యింటియావిడకు ఈ ప్రసంగముఖమున నా కృతజ్ఞత తెలుపుకొని విరమించుచున్నాను.