ఎత్తైన కొండ చేజారిన దేశం

వియన్నాలో స్థిరపడ్డాక మాకు అలవాటైన వేసవి ప్రయాణం ఒకటుంది. క్యాంపర్ వ్యాన్‌లో బియ్యం, పప్పు, ఆవకాయ సర్దుకుని గ్రోస్‌గ్లాక్నర్ కొండదారి పట్టడం. ఆస్ట్రియాలో ఎత్తైన పర్వతం అదే, 3,798 మీటర్లు. అయితే మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆ స్థానం 3,905 మీటర్ల ఓర్ట్‌లర్‌ది. యుద్ధంలో ఓడాక దక్షిణ టిరోల్‌తో పాటు ఆ కొండా ఇటలీకి పోయింది. ఈ దేశాన్ని అర్థం చేసుకోవాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

యుద్ధానికి ముందు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఏలుబడిలో 5 కోట్లకు పైగా జనం ఉండేవారు. 1919లో సంధి కుదిరేసరికి మిగిలింది సుమారు 65 లక్షలు. బొహీమియా ఫ్యాక్టరీలు చెకోస్లొవేకియాకు, త్రియెస్టె రేవు ఇటలీకి వెళ్లాయి. 2014లో ఆంధ్రప్రదేశ్ విడిపోయినప్పుడు రాజధాని లేని రాష్ట్రం మిగిలింది. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. రాజధాని మిగిలింది, దాన్ని పోషించిన రాజ్యం పోయింది. దేశ జనాభాలో నాలుగోవంతుకు పైగా వియన్నాలోనే ఉండేవారు. ఈ చిన్న దేశం బతికి బట్టకట్టదని ఇక్కడివాళ్లే నమ్మారు. జర్మనీలో కలిసిపోదామన్నారు. సంధి ఒప్పుకోలేదు.

అలాంటి రోజుల్లో, 1924లో, ఫ్రాంజ్ వాలక్ అనే ఇంజనీరు ఈ గ్రోస్‌గ్లాక్నర్ కొండల మీదుగా రోడ్డు వేద్దామని పథకం గీశాడు. తిండికే లేనప్పుడు కార్ల కోసం రోడ్డా అన్నారు. 1929 ఆర్థిక సంక్షోభం వచ్చి ఊళ్లకు ఊళ్లు పని లేక కూర్చున్నాక ఆ పథకమే దిక్కయింది. 1930 ఆగస్టులో పని మొదలైంది. మంచు కరిగిన నెలల్లోనే పని, షెడ్లలో నివాసం, చేతిలో పలుగూ పారా. 1935 ఆగస్టు 3న దారి తెరిచారు. పొడవు 48 కిలోమీటర్లు, హెయిర్‌పిన్ మలుపులు 36. దారిలోని హోక్‌టోర్ కనుమ దగ్గర తవ్వుతుంటే రోమన్ల కాలపు హెర్క్యులిస్ కంచు బొమ్మ దొరికింది. ఉప్పు, ద్రాక్షసారా మోసుకుంటూ గుర్రాల బిడారులు ఎన్నో శతాబ్దాలు నడిచిన దారే ఇది.

ఒక మాట దాచకూడదు. ఈ రోడ్డు వేస్తున్న కాలంలోనే, 1933లో, ఛాన్సలర్ డోల్‌ఫుస్ పార్లమెంటును మూసేశాడు. 1934 ఫిబ్రవరిలో సొంత కార్మికుల ఇళ్ల మీద ఫిరంగులు పేల్చారు. అదే జులైలో నాజీలు డోల్‌ఫుస్‌ను చంపారు. 1938లో జర్మనీ కలిపేసుకోవడంతో దేశమే పోయింది.

ఈ దారిలో ఎక్కడం కంటే దిగడం కష్టం. బరువైన వ్యాన్‌ను రెండో గేరులో పట్టి ఉంచాలి. బ్రేకు మీదే ఆధారపడితే నాలుగు మలుపులు తిరిగేసరికి కమురు వాసన లోపలికొస్తుంది. రోడ్డు పక్కన పాతిన పొడవాటి కర్రలు వేసవిలో వింతగా కనిపిస్తాయి. మంచు కప్పేశాక దారి ఆనవాలు చెప్పేవి అవే.

పక్క లోయలో కాప్రున్ జలవిద్యుత్ ఆనకట్టలున్నాయి. నాజీలు మొదలుపెట్టిన ఆ పనిలో యుద్ధఖైదీలు, బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు నలిగిపోయారు. యుద్ధం తర్వాత అమెరికా ఇచ్చిన మార్షల్ ప్లాన్ డబ్బుతో, 1955లో, పూర్తయింది. యుద్ధం తర్వాత ఇక్కడ తిష్ఠ వేసిన విదేశీ సైన్యాలు వెళ్లిపోయి, ఆస్ట్రియా తటస్థ దేశమైందీ ఆ ఏడాదే. కాప్రున్‌ను పునర్నిర్మాణ వీరగాథగా చాలాకాలం చెప్పుకున్నారు. ఆ కూలీల ఊసు ఆలస్యంగా వచ్చింది. అంత ఆలస్యం చేయడం తప్పేనని నా అభిప్రాయం. అయినా, బతకదనుకున్న దేశం ఈ కొండల్లోనే తన మీద తనకు నమ్మకం కూడగట్టుకుంది. అందుకే దీన్ని ఇప్పుడు నా దేశం అనుకుంటాను.

ఈ దారి శీతాకాలమంతా మూసే ఉంటుంది, వచ్చేవాళ్లు మే దాటాక రండి. ఫుషర్ టోర్ల్ దగ్గర, రోడ్డు పనిలో చనిపోయిన కార్మికుల స్మారకం ఉంది. అందరూ శిఖరం ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం అక్కడ బండి ఆపండి.