మేహపుండు నుంచి బ్లాక్ ఫంగస్ దాకా

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళలో కొందరికి షుగరున్న సంగతి ఆసుపత్రి మంచం ఎక్కాకే తెలుస్తుంది. పత్తి చేలో ముల్లు దిగుతుంది. తిమ్మిరెక్కిన పాదానికి నొప్పి తెలియదు. చీము పట్టి వాసనొచ్చాక కట్టు కట్టించుకోవడానికొస్తే, నర్సు వేలు పొడిచి చూస్తుంది. మీటరు మీద అంకె మూడొందలు దాటి ఉంటుంది.

షుగరుకీ చీముకీ ఈ పొత్తు పాతదే. ప్రమేహరోగికి లేచే పుళ్ళను చరకుడు ఏడు రకాలన్నాడు, సుశ్రుతుడు పది అన్నాడు. అంచులు లేచి నడుమ మూకుడులా గుంటపడేది శరావిక. రక్తంలో చక్కెర పెరిగితే క్రిములను తినే తెల్లకణాలు మందగిస్తాయని తేలింది చాలా తర్వాత. అప్పటిదాకా కోసి చీము తీయడం, పసరు కట్టడం, దేవుడి మీద భారం వేయడం.

1922 జనవరిలో టొరంటోలో ఇన్సులిన్ తొలిసారి మనిషికి ఎక్కింది. 1940లలో పెన్సిలిన్ అందింది. 1948లో లెడర్లీ సంస్థ ఆరియోమైసిన్ ప్రకటించింది. తొలి టెట్రాసైక్లిన్ అదే. కనిపెట్టింది శాస్త్రవేత్త డగ్గర్ అయినా, అక్కడి పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

షుగరు రోగి ఎక్కువకాలం బతకసాగాడు. దాంతో ఆసుపత్రే కొత్త ముప్పయింది: మూత్రం గొట్టం, సెలైన్ సూది, మందుకు లొంగని క్రిములు. షుగరు ఎంత దించాలన్నదీ వివాదమే. 2001లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు ఐసీయూలో 80–110కి దించితే మరణాలు తగ్గాయన్నారు. 2009లో నైస్-షుగర్ అధ్యయనం అంత బిగిస్తే మరణాలు పెరిగాయని చూపింది. ఇప్పుడు ఐసీయూలో సాధారణంగా 140–180 మధ్య ఉంచుతారు.

షుగరు పెరిగితే క్రిమి చెలరేగుతుందన్న పాఠాన్ని 2021లో కొవిడ్ రెండో దశ కఠినంగా చెప్పింది. ప్రాణం నిలిపిన స్టెరాయిడ్లే షుగరు పెంచాయి. ముక్కులో దిగిన మ్యూకర్ బూజు, అంటే బ్లాక్ ఫంగస్, కంటి దాకా పాకింది. 1885లోనే వైద్యుడు పాల్టాఫ్ వర్ణించిన జబ్బు అది. దానికి వాడే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లకు కటకట వచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ జబ్బు చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

ఇన్ని మందులొచ్చాక కూడా మెట్ట రైతు కాలు నిలిచేదీ పోయేదీ చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే తేలుతుంది. ముల్లు దిగిన నాడే షుగరు చూసి, చీము పట్టిన వెంటనే కోసి, ఇన్సులిన్ మొదలుపెడితే ఊళ్ళోనే మానే పుండు, వారం గడిస్తే బెజవాడలో కాలు తీసేదాకా వెళ్ళొచ్చు.